పునరావాస చికిత్సలో థెరపీ అసిస్టెంట్ పని ఎంతవరకు? ఆ చదువు ఎలా ఉంటుంది?

సన్నజాజి (టెక్సస్)

అందరికీ నమస్కారం. మా అత్తగారికి 74 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా గ్రీన్ కార్డు మీద మా బావగారి ఇంట్లో ఉంటున్నారు. సంక్రాంతి వెళ్లిన వారంలో స్నానాల గదిలో జారిపడి ఎడమ తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి, అయిదో రోజున పునరావాస కేంద్రానికి పంపారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు కనుక పగలంతా నేను పక్కనే ఉండి, వాళ్లు చెప్పింది ఆవిడకూ, ఆవిడ చెప్పింది వాళ్లకూ వివరిస్తూ ఇప్పటికి ఇరవై రెండు రోజులు గడిపాను. వచ్చే గురువారం ఇంటికి పంపుతామని అంటున్నారు.

అక్కడ నేను గమనించిన విషయం ఒకటి ఉంది. మొదటి రోజు ఫిజికల్ థెరపిస్ట్ వచ్చి దాదాపు గంటసేపు అన్నీ పరీక్షించి, రాసుకుని వెళ్లారు. ఆ తర్వాత ఆవిడ అప్పుడప్పుడు మాత్రమే కనిపించారు. రోజూ వచ్చి మంచం మీద కాళ్లు కదిలించినవారు, లేపి కూర్చోబెట్టినవారు, వాకర్ పట్టించి నడిపించినవారు వేరొకరు. ఆయన బ్యాడ్జి మీద పీటీఏ (ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్) అని ఉంది. స్నానం, బట్టలు వేసుకోవడం నేర్పడానికి వచ్చిన అమ్మాయి బ్యాడ్జి మీద సీఓటీఏ (సర్టిఫైడ్ ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్) అని ఉంది. మా బావగారికి ఇది నచ్చలేదు. "అసలు థెరపిస్ట్ రాకుండా అసిస్టెంట్లను పంపుతున్నారు, బిల్లు మాత్రం పూర్తిగా వేస్తారు" అని ఆయన బాధ. నాకు మాత్రం ఆ ఇద్దరి పని చూస్తుంటే, ఇది నేనూ నేర్చుకోగలనేమో అన్న కోరిక బలంగా కలిగింది.

నా వయసు 36. గుంటూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాను. హెచ్4 (భర్త వీసా మీద ఆధారపడిన వీసా) మీద ఉన్నాను, ఈఏడీ (ఉద్యోగ అనుమతి పత్రం) ఉంది. థెరపీ అసిస్టెంట్ ఏమి చేయవచ్చు, ఏమి చేయకూడదు? చదువు ఎన్నేళ్లు, పరీక్ష ఎలా ఉంటుంది? పీటీఏ, సీఓటీఏ పనుల మధ్య తేడా ఏమిటి? నా పాత డిగ్రీ దేనికైనా పనికొస్తుందా? ఈ రంగంలో ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

గోదారిగట్టు (ఒహాయో)

సన్నజాజి గారికి నమస్కారం. మీ అత్తగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. నేను పదకొండేళ్లుగా పీటీఏగా పనిచేస్తున్నాను. మొదటి ఆరేళ్లు మీరు చెప్పినటువంటి కేంద్రంలోనే చేశాను, ఇప్పుడు రోగుల ఇళ్లకు వెళ్లి చేస్తున్నాను.

మొదటి రోజు థెరపిస్ట్ గంటసేపు చేసిన పనిని మూల్యాంకనం అంటారు. కీళ్లు ఎంతవరకు వంగుతున్నాయి, కండరాల్లో బలం ఎంత ఉంది, నిలబడితే తూలుతున్నారా, పడకముందు ఇంట్లో ఏయే పనులు స్వయంగా చేసుకునేవారు, ఇంటికి మెట్లున్నాయా అన్నవన్నీ తెలుసుకుని, ఎన్ని వారాల్లో ఎంతవరకు తీసుకురావాలో లక్ష్యాలు రాసి, వాటికి తగిన చికిత్స ప్రణాళికను తయారుచేస్తారు. ఆ ప్రణాళికను రోగి శరీరం మీద రోజువారీగా అమలు చేసేది మేము. మూల్యాంకనం చేయడం, లక్ష్యాలు పెట్టడం, వాటిని మార్చడం, చికిత్స ముగించి పంపివేయాలని నిర్ణయించడం మా పరిధిలోనివి కావు.

అయితే దీన్నిబట్టి అసిస్టెంట్ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి అనుకుంటే పొరపాటు. ఉదాహరణకు ప్రణాళికలో "వాకర్‌తో, కొద్దిపాటి చేయూతతో 50 అడుగులు నడిపించాలి" అని ఉందనుకోండి. ఈ రోజు రోగి ఆ 50 అడుగులూ ఆయాసం లేకుండా నడిస్తే, నేను దాన్ని 75 అడుగులు చేయవచ్చు, నా చేతి ఆసరా తగ్గించవచ్చు. రాత్రి నిద్ర లేక నీరసంగా ఉంటే 20 అడుగుల దగ్గరే ఆపి, కూర్చోబెట్టి చేసే వ్యాయామాలకు మారవచ్చు. కానీ వాకర్ తీసేసి చేతికర్ర ఇవ్వాలంటే, అది ప్రణాళికలో లేనప్పుడు, థెరపిస్ట్‌ను అడగకుండా ఇవ్వకూడదు. రోగి ఎంత బతిమాలినా, కొడుకు ఎంత ఒత్తిడి చేసినా సరే. వెన్నెముక కీళ్లను ఒక్క ఊపున సరిచేసే మానిప్యులేషన్ వంటి కొన్ని ప్రక్రియలు కూడా థెరపిస్ట్‌కే పరిమితమని మా వృత్తి సంఘం వైఖరి. మిగతా వివరాలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా ఉంటాయి.

నేను చదువులో నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఎప్పుడు ఆగాలో నేర్చుకోవడం ఒక ఎత్తు. మొదటి ఏడాదిలో జరిగిన సంగతి చెబుతాను. మోకాలి కీలు మార్పిడి జరిగిన ఒక పెద్దాయనకు ఆరో రోజు వ్యాయామం చేయించడానికి వెళ్లాను. ఆయన హుషారుగానే ఉన్నారు. మేజోడు సరిచేయబోతే దాని అంచు ఆ కాలి పిక్క మీద లోతుగా అచ్చు వేసి కనిపించింది. రెండో కాలి మీద అటువంటి అచ్చు లేదు. చేయి వేసి చూస్తే ఆ పిక్క రెండోదానికంటే వెచ్చగా ఉంది, కాస్త నొక్కితే ఆయన ముఖం చిట్లించారు. ఆపరేషన్ అయిన కాలు కనుక కొంత వాపు ఉండడం మామూలే. కానీ ముందురోజు నేను కొలిచి రాసిన చుట్టుకొలత కంటే ఇప్పుడు బాగా ఎక్కువగా ఉంది. వ్యాయామం మొదలుపెట్టకుండా ఆయన్ను పడుకోబెట్టి, నర్సును పిలిచి, థెరపిస్ట్‌కు ఫోన్ చేశాను. స్కానింగ్‌లో లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందని తేలింది. ఆ జబ్బు పేరు నేను పలకలేదు, పలికే అధికారం నాకు లేదు. నిన్నటికీ నేటికీ తేడా ఉందని గుర్తించి, చేయి వెనక్కి తీసుకుని, సరైన మనిషికి వెంటనే చెప్పడం వరకే నా పని. రెండేళ్ల శిక్షణలో సగానికి పైగా ఇందుకోసమేనని నా నమ్మకం.

ఇక చదువు సంగతి. క్యాప్టీ అనే సంస్థ గుర్తింపు ఉన్న కళాశాలలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేయాలి. ఎక్కువ చోట్ల అయిదు సెమిస్టర్లు ఉంటాయి. చేరేముందే శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, ఇంగ్లీషు, మనస్తత్వ శాస్త్రం వంటివి పూర్తిచేయమంటారు కనుక మొత్తం మీద మూడేళ్లు అనుకోవడం మంచిది. చివరి భాగంలో ఆసుపత్రుల్లో, క్లినిక్కుల్లో లైసెన్సు ఉన్నవారి పర్యవేక్షణలో చేసే పూర్తికాల శిక్షణ సాధారణంగా మొత్తం 16 వారాల వరకు ఉంటుంది.

తరగతి గదిలో కష్టమైనది కైనీసియాలజీ, అంటే కదలికల శాస్త్రం. నిలబడేటప్పుడు ఏ కండరం ఏ క్షణంలో పట్టు బిగిస్తుందో, ఎప్పుడు వదులుతుందో కంఠతా వస్తే సరిపోదు. ఎదుటి మనిషి నడకలో దాన్ని చూడగలగాలి. ల్యాబ్ పరీక్షలు మరీ కఠినంగా ఉంటాయి. నా సహాధ్యాయిని ఒకామె, మంచం మీది మనిషిని చక్రాల కుర్చీలోకి మార్చే పరీక్షలో అన్నీ చక్కగా చేసింది: నడుముకు గెయిట్ బెల్టు (రోగిని పట్టుకోవడానికి కట్టే పట్టీ) కట్టింది, తన మోకాళ్లతో రోగి మోకాలికి అడ్డు పెట్టింది, "ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేలా ముందుకు వంగండి" అని చెప్పి లేపింది. కుర్చీ బ్రేకు ఒక వైపు వేయడం మరిచిపోయింది. ఆ ఒక్క కారణంతో మొత్తం పరీక్ష తప్పింది. అప్పట్లో అన్యాయం అనిపించింది. కుర్చీ వెనక్కి జారి మనిషి నేల మీద పడితే ఏమవుతుందో ఆ తర్వాత పనిలో తెలిసింది.

డిగ్రీ అయ్యాక ఎన్‌పీటీఈ అనే జాతీయ పరీక్ష రాయాలి. పీటీఏలకు 180 ప్రశ్నలు ఉంటాయి. మార్కులను 200 నుంచి 800 వరకు ఉన్న కొలమానంలో లెక్కిస్తారు. 600 వస్తే ఉత్తీర్ణత. ఏడాదికి నాలుగుసార్లు జరుపుతారు, జీవితం మొత్తం మీద ఆరుసార్లకు మించి రాయనివ్వరు. తర్వాత రాష్ట్ర లైసెన్సు తీసుకోవాలి. ఏ లైసెన్సూ లేకుండా పరికరాలు సర్దే, మంచాలు శుభ్రం చేసే, అవసరమైతే చేయి అందించే సహాయకులను ఏయిడ్ అంటారు. వాళ్లూ మేమూ ఒకటి కాదు. బయటివారికి ఈ తేడా తెలియకపోవడం వల్లే మీ బావగారికి కలిగినటువంటి అనుమానాలు వస్తాయి.

తంగేడు (ఇల్లినాయ్)

నేను హైదరాబాదులో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివి, ఇక్కడికి వచ్చి లైసెన్సు తీసుకుని ఫిజికల్ థెరపిస్ట్‌గా పనిచేస్తున్నాను. నా కింద ముగ్గురు పీటీఏలు ఉన్నారు. "నా కింద" అని అలవాటుగా రాశాను కానీ, వారిలో ఒకామెకు నాకంటే ఎనిమిదేళ్ల అనుభవం ఎక్కువ. పక్షవాతం వచ్చినవారిని లేపి నిలబెట్టడంలో ఆమె చేతి నేర్పు నాకు ఇప్పటికీ రాలేదు.

మీ బావగారి ప్రశ్న న్యాయమైనదే, దానికి నేరుగా సమాధానం చెబుతాను. అసిస్టెంట్ చేత చికిత్స చేయించడం మోసం కాదు. చట్టం అనుమతించిన ఏర్పాటు. ఫిజికల్ థెరపీలో ఈ వృత్తి 1967లో మొదలైంది. థెరపిస్టుల సంఖ్య అవసరానికి చాలక, ఆ ఏడాది ఫ్లోరిడాలోని మయామీలో ఒకటి, మిన్నెసోటాలో ఒకటి చొప్పున రెండు కళాశాలలు కోర్సు ప్రారంభించాయి. 1969లో మొదటి బృందం బయటికి వచ్చింది. బిల్లు విషయానికొస్తే, మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) పార్ట్ బీ, అంటే ఆసుపత్రిలో చేరకుండా పొందే సేవల భాగం కింద జరిగే చికిత్సలో అసిస్టెంట్ పాత్ర పది శాతం దాటితే, బిల్లు మీద ఆ సంగతి తెలిపే గుర్తు తప్పనిసరిగా వేయాలి. పీటీఏకు సీక్యూ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) అసిస్టెంట్‌కు సీఓ. ఆ గుర్తు ఉన్న సేవలకు 2022 జనవరి 1 నుంచి మెడికేర్ మామూలు మొత్తంలో 85 శాతమే చెల్లిస్తోంది. మీ అత్తగారిలా ఆసుపత్రి నుంచి నేరుగా పునరావాస కేంద్రానికి వెళ్లినవారి ఖర్చు సాధారణంగా పార్ట్ ఏ (ఆసుపత్రి బీమా భాగం) కిందికి వస్తుంది. అక్కడ 2019 అక్టోబరు నుంచి లెక్క వేరు. రోగి పరిస్థితిని బట్టి రోజుకు ఇంత అని కేంద్రానికి ఇస్తారే తప్ప, ఎవరు ఎన్ని నిమిషాలు చేశారన్న దాన్ని బట్టి కాదు.

అయితే ఆయన అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: "థెరపిస్ట్ మళ్లీ ఎప్పుడు చూశారు, ప్రణాళికలో ఏమి మార్చారు?" పార్ట్ బీ నిబంధనల ప్రకారం కనీసం పది చికిత్స రోజులకు ఒకసారి థెరపిస్టే ప్రగతి నివేదిక రాయాలి, అసిస్టెంట్ రాస్తే చెల్లదు. ఏ కేంద్రంలోనైనా సరే, మూడు వారాలైనా లక్ష్యాలు మొదటి రోజున రాసినవే ఉంటే ఎందుకని అడిగే హక్కు కుటుంబానికి ఉంది. పర్యవేక్షణ కాగితం మీదే మిగిలిపోయిన చోట్లు లేవని నేను అనను. నేను గతంలో పనిచేసిన ఒక చోట, నేను ఒక్కసారి కూడా చూడని రోగుల కాగితాల మీద పర్యవేక్షకుడిగా సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు, రెండు నెలల్లో మానేశాను. అసిస్టెంట్ ఫోన్ చేసినప్పుడు ఎత్తని థెరపిస్ట్ ఉంటే ఆ అసిస్టెంట్ ఎంత మంచివాడైనా రోగికి రక్షణ ఉండదు. సొంత క్లినిక్కుల్లో 2025 నుంచి మెడికేర్ నిబంధన సడలింది. థెరపిస్ట్ అదే భవనంలో ఉండనక్కరలేదు, అందుబాటులో ఉంటే చాలు. దీనివల్ల పల్లె ప్రాంతాలకు మేలు జరుగుతుంది, నిజమే. కానీ ఆ "అందుబాటు" మాటను గట్టిగా పట్టుకోవలసింది మాలాంటివాళ్లం.

మీ డిగ్రీ విషయం. భారతదేశపు బీఎస్సీని ఇక్కడి మూల్యాంకన సంస్థ చేత పరిశీలింపజేస్తే ఇంగ్లీషు, గణితం, మనస్తత్వ శాస్త్రం వంటి కొన్ని సబ్జెక్టులకు మినహాయింపు దొరకవచ్చు. అనాటమీ, ఫిజియాలజీ మాత్రం గత అయిదారేళ్లలో చదివి ఉండాలని చాలా కళాశాలలు కోరతాయి, కనుక అవి మళ్లీ చదవడానికి సిద్ధపడండి. హెచ్4 మీద చదువుకోవచ్చు, కానీ ఫెడరల్ ఆర్థిక సహాయం రాదు. ఈఏడీ ఉంది కనుక ఉద్యోగం చేయవచ్చు. అది మీ భర్త వీసా స్థితి మీద ఆధారపడి ఉంటుందని మరిచిపోవద్దు. ఇక్కడ ఒక్క విషయం స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు చాలామంది దీని గురించి తప్పుడు ఆశలు పెట్టుకుంటారు. ఫిజికల్ థెరపిస్టులు షెడ్యూల్ ఏ అనే కొరత వృత్తుల జాబితాలో ఉన్నారు, వారి గ్రీన్ కార్డుకు లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి స్థానికులు దొరకలేదన్న కార్మిక శాఖ ధ్రువీకరణ) అవసరం లేదు. పీటీఏలకు ఆ సౌకర్యం లేదు. అసోసియేట్ డిగ్రీతో చేసే ఉద్యోగం కనుక హెచ్1బీ కూడా మామూలుగా రాదు. ఈ చదువు సొంత వీసాకు దారి చూపదు, ఉన్న అనుమతితో చేసుకోగల గౌరవమైన ఉద్యోగం ఇస్తుంది.

ఇది చదివే బీపీటీ మిత్రులకు కూడా ఒక మాట. "థెరపిస్ట్ లైసెన్సు కష్టం, ముందు పీటీఏ పరీక్ష రాసేద్దాం" అని నన్ను తరచు అడుగుతుంటారు. అది అన్ని రాష్ట్రాల్లో కుదరదు. పీటీఏ కోర్సు చదివినవారినే పరీక్షకు అనుమతించే రాష్ట్రాలు ఉన్నాయి. మీరు ఉండే రాష్ట్ర బోర్డు నిబంధనలు చదివిన తర్వాతే డబ్బు ఖర్చు పెట్టండి. అలాగే పీటీఏగా చేరి మెల్లగా థెరపిస్ట్ అయిపోవచ్చు అన్నది కూడా అంత సులువు కాదు. ఇక్కడ థెరపిస్ట్ చదువు ఇప్పుడు డాక్టరేట్ స్థాయిది. బ్యాచిలర్ డిగ్రీ తర్వాత మూడేళ్లు.

పాలపిట్ట (న్యూజెర్సీ)

సన్నజాజి గారూ, నేను ఓటీ అసిస్టెంట్‌ను, మీరు బ్యాడ్జి మీద చూసిన సీఓటీఏ. పై ఇద్దరూ కాళ్ల సంగతి చెప్పారు కనుక నేను మిగతాది చెబుతాను.

మీ అత్తగారిని నడిపించడం ఫిజికల్ థెరపీ. నడిచి వెళ్లి ఏం చేస్తారన్నది ఆక్యుపేషనల్ థెరపీ. తలుపు తీసి స్నానాల గదిలోకి వెళ్లడం, కమోడ్ మీద కూర్చుని లేవడం, పళ్లు తోముకోవడం, లోపలి బట్టలు తొడుక్కోవడం, స్టవ్ దగ్గర నిలబడి కాఫీ కలుపుకోవడం, ఇవన్నీ మా చికిత్సలే. తుంటి కీలు మార్చినవారికి, ముఖ్యంగా వెనుక వైపు నుంచి కోత పెట్టినప్పుడు, తుంటిని 90 డిగ్రీలకు మించి వంచవద్దు, కాలు మీద కాలు వేయవద్దు, పాదం లోపలికి తిప్పవద్దు అని సర్జన్ కొన్ని జాగ్రత్తలు పెడతారు. మన ఇళ్లలో పెద్దవాళ్ల రోజును ఒకసారి ఊహించుకోండి. పీట మీద కూర్చుని పూజ, నేల మీద కూర్చుని కూర తరగడం, చిన్న స్టూలు మీద కూర్చుని చెంబుతో స్నానం, వంగి కుచ్చిళ్లు సర్దుకోవడం. వీటిలో ఒక్కటి కూడా ఆ 90 డిగ్రీలలో ఇమడదు.

ఒకసారి మన తెలుగు పెద్దావిడే నా దగ్గరికి వచ్చారు. రికార్డులో "బట్టలు వేసుకోవడానికి సహకరించడం లేదు" అని ఉంది. వాళ్లు ఇచ్చింది సాగే నడుముపట్టీ ఉన్న ప్యాంటు. ఆవిడ జీవితంలో ఎన్నడూ ప్యాంటు వేసుకోలేదు, మగపిల్లవాడు గదిలో ఉండగా వేసుకోనన్నారు. మా థెరపిస్ట్‌తో మాట్లాడి, చీర కట్టుకోవడాన్నే లక్ష్యంగా రాయించాం. గోడకు ఆనుకున్న ఎత్తు కుర్చీ ముందు నిలబడి, లంగా బొందును పొడవాటి చేతిపట్టుతో పైకి లాక్కోవడం, కుచ్చిళ్లు కూర్చునే పెట్టి, లేచి నిలబడి దోపుకోవడం. మొదటి రోజు ముప్పయి అయిదు నిమిషాలు పట్టింది. పదో రోజుకు పదమూడు నిమిషాలు. నిలబడే ఓపిక, తూలకుండా రెండు చేతులూ వాడడం, వరుస మరిచిపోకపోవడం అన్నీ ఆ చీరలోనే సాధన అయ్యాయి. ఇక్కడ ఒక సంగతి గమనించండి. చీర ఆలోచన నాకు వచ్చింది, కానీ లక్ష్యాన్ని మార్చి రాసింది థెరపిస్ట్. నేను చెప్పకపోతే ఆమెకు తెలిసేది కాదు, ఆమె రాయకపోతే నేను చేయకూడదు.

మా చదువూ రెండేళ్ల అసోసియేట్ డిగ్రీయే. ఇప్పుడు కొన్ని చోట్ల బ్యాచిలర్ స్థాయిలోనూ ఉంది. గుర్తింపునిచ్చే సంస్థ ఎకోటీ. క్షేత్ర శిక్షణలో రెండో దశ తప్పనిసరిగా 16 వారాల పూర్తికాలం ఉండాలి. థెరపిస్టులకైతే 24 వారాలు. పరీక్షను ఎన్‌బీసీఓటీ అనే సంస్థ నిర్వహిస్తుంది: 200 ప్రశ్నలు, నాలుగు గంటలు, వాళ్ల సొంత కొలమానంలో ఉత్తీర్ణతకు 450 రావాలి. జీతాల విషయం మీరు అడగలేదు కానీ తెలుసుకోవడం మంచిది. ప్రభుత్వ కార్మిక గణాంకాల ప్రకారం 2024లో మధ్యస్థ వార్షిక వేతనం పీటీఏలకు సుమారు 65 వేల డాలర్లు, ఓటీ అసిస్టెంట్లకు సుమారు 68 వేల డాలర్లు.

మీరు ఇరవై రెండు రోజులు దుబాసీగా ఉన్నానన్నారు. మెడికేర్ డబ్బు తీసుకునే ఏ కేంద్రమైనా అర్హత ఉన్న దుబాసీని ఉచితంగా ఇవ్వాలి, ఫోన్ ద్వారానైనా సరే. ఆ పని కుటుంబం మీద వేయకూడదు. ఇది మీకు చెబుతున్నది, మీరు చేసింది తప్పని కాదు. నొప్పి గురించి మన భాషలో ఎన్ని మాటలున్నాయో మీరు ఈపాటికి గమనించే ఉంటారని. పోటు, సలుపు, మంట, తిమ్మిరి, తీపు, గుంజుతోంది, జివ్వుమంటోంది. ఇవన్నీ ఇంగ్లీషులోకి వెళ్లేసరికి "పెయిన్" అనే ఒక్క మాట అయిపోతాయి. తిమ్మిరి అంటే నరం సంగతి కావచ్చు, సలుపు అంటే రాత్రిపూట బాధించే నొప్పి కావచ్చు, తీపు మామూలు కండరాల అలసట కావచ్చు. తీపు అన్నప్పుడు వ్యాయామం కొనసాగిస్తాం, కొత్తగా తిమ్మిరి అన్నప్పుడు ఆపి చెబుతాం. మీరు ఈ వృత్తిలోకి వస్తే ఆ తేడాను విన్న వెంటనే గ్రహించగలిగే మనిషి ఒకరు పెరుగుతారు.

నల్లరేగడి (నరసరావుపేట)

ఈ చర్చ చదువుతుంటే మా దగ్గరి పరిస్థితి చెప్పాలనిపించింది. నేను పదిహేడేళ్లుగా ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్నాను. మన దేశంలో బీపీటీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ల చదువుగా సాగుతూ వచ్చింది. దానికీ, ఏ శిక్షణా లేని సహాయకుడికీ మధ్య పరీక్ష రాసి లైసెన్సు పొందిన మెట్టు మా పట్టణాల్లో కనిపించదు. ఆ ఖాళీలో చాలా క్లినిక్కుల్లో పదో తరగతి చదివిన కుర్రాడు ఐఎఫ్‌టీ (నొప్పి తగ్గించే విద్యుత్ చికిత్స) ప్యాడ్లు అంటిస్తాడు, వేడి వ్యాక్స్ పోస్తాడు, మెడను లాగి పట్టే ట్రాక్షన్ తగిలిస్తాడు. పాపం, వాడి తప్పేమీ లేదు, వాడికి ఎవరూ నేర్పలేదు.

ఒక క్లినిక్‌లో కాలిపోయి నా దగ్గరికి వచ్చిన ఒక రైతు పాదాన్ని నేను మరచిపోలేను. ఆయనకు ఇరవై ఏళ్లుగా చక్కెర వ్యాధి. పాదంలో స్పర్శ లేదు. సహాయకుడు వేడి ప్యాక్ పెట్టి, "వేడెక్కువైతే చెప్పు తాతా" అని పక్క మంచం దగ్గరికి వెళ్లాడు. తాతకు వేడి తెలిస్తే కదా చెప్పడానికి! వేడి పెట్టేముందు ఆ చోట స్పర్శ ఉందో లేదో చూడాలన్నది అసిస్టెంట్ శిక్షణలో మొదట్లోనే నేర్పే పాఠం. రెండు నెలలు డ్రెస్సింగ్ చేయించుకున్నాడాయన.

2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఫిజియోథెరపీ దాని పరిధిలోకి వచ్చింది. ఇటువంటి సహాయకులకు కూడా నిర్దిష్టమైన శిక్షణ, పరిధి ఏర్పడాలని నేను కోరుకుంటాను. నా తోటి బీపీటీలలో చాలామందికి ఇది నచ్చదని తెలుసు. ఇప్పటికే మన పిల్లలకు చాలీచాలని జీతాలు ఇస్తున్నారు, రెండేళ్ల కోర్సు పెడితే యాజమాన్యాలు వాళ్లనే పెట్టుకుని థెరపిస్టులను మానేస్తాయన్నది వాళ్ల భయం. ఆ భయం న్యాయమైనదే. అందుకే ముందు థెరపిస్ట్ మూల్యాంకనం లేనిదే చికిత్స మొదలుపెట్టకూడదన్న నియమం గట్టిగా అమలు కావాలి, ఆ తర్వాతే అసిస్టెంట్ కోర్సు రావాలి అంటాను. వరుస తిరగబడితే వాళ్లు చెప్పినట్టే జరుగుతుంది.

సన్నజాజి (టెక్సస్)

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మా బావగారికి తంగేడు గారి సమాధానం చదివి వినిపించాను. ఆయన ఈ ఉదయం థెరపిస్ట్‌ను కలిసి, లక్ష్యాల కాగితం అడిగి చూశారు. రెండుసార్లు మార్చి రాసి ఉన్నాయి. ఆయన మనసు కుదుటపడింది. పాలపిట్ట గారూ, మా అత్తగారు "జివ్వుమంటోంది" అన్న రోజున నేను కూడా "పెయిన్" అనే చెప్పాను. రేపు వెళ్లగానే సరిచేసి చెబుతాను.

ఇంకో రెండు సందేహాలు. నాకు రెండో కాన్పు తర్వాత నడుం నొప్పి అప్పుడప్పుడు వస్తుంది. ఈ పనిలో బరువులు ఎత్తవలసి ఉంటుందా? రెండోది, మా బావగారి ఇంటి ముందు నాలుగు మెట్లున్నాయి, ఒకవైపే పట్టుకునే కమ్మీ ఉంది. గురువారం ఆవిడను ఎక్కించేటప్పుడు నేను ఎక్కడ నిలబడాలి, ఏ కాలు ముందు వేయించాలి?

గోదారిగట్టు (ఒహాయో)

నడుం సంగతి దాచకుండా చెబుతాను. శరీరశ్రమ బాగానే ఉంటుంది. మనిషిని ఎత్తకూడదని, అతని బరువును అతని కాళ్ల మీదికే మళ్లించాలని నేర్పుతారు. ఇద్దరు కావలసిన చోట ఒక్కరం చేయకూడదని, అవసరమైతే లిఫ్ట్ యంత్రం వాడాలని కూడా నేర్పుతారు. అయినా రోజుకు ఎనిమిది, పదిమందిని లేపి నిలబెట్టాలి, పడబోయేవారిని పట్టుకోవాలి. మీ డాక్టరుతో ముందే మాట్లాడండి. దరఖాస్తుకు ముందు ఏదైనా ఆసుపత్రిలో అనుమతి తీసుకుని కనీసం ఇరవై, ముప్పయి గంటలు పీటీఏ వెంటా, ఓటీ అసిస్టెంట్ వెంటా ఉండి చూడండి. కొన్ని కళాశాలలు ఈ గంటలను ఎలాగూ అడుగుతాయి. మీరు రాసింది చదివితే మీ మనసు ఓటీ వైపు కొంత ఎక్కువగా మొగ్గుతుందేమో అనిపించింది, కానీ అది చూశాక తేల్చుకోవలసిన విషయం.

మెట్ల గురించి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బాధ ఉన్న కాలు ముందు అన్నది అందరికీ నేర్పే పాఠం. కానీ మీ అత్తగారి విషయంలో దాన్ని నేను చెప్పి మీరు చేయకూడదు. ఆ కాలి మీద ఎంత బరువు వేయవచ్చని సర్జన్ రాశారో నాకు తెలియదు. కమ్మీ ఏ వైపున ఉందో, ఆవిడ చేతిలో వాకర్ ఉంటుందో కర్ర ఉంటుందో, నిలబడినప్పుడు రక్తపోటు పడిపోతోందో లేదో తెలియదు. నేను ఆవిడను చూడలేదు. చూసి ఉన్నా, మెట్లు ప్రణాళికలో ఉన్నాయా అని ముందు థెరపిస్ట్‌నే అడిగేవాణ్ని.

రేపు వెళ్లగానే, ఇంటికి పంపేముందు మెట్ల సాధన, దానితోపాటు కుటుంబ సభ్యులకు శిక్షణ కావాలని థెరపిస్ట్‌ను అడగండి. చాలా కేంద్రాల్లో వ్యాయామశాలలో సాధన మెట్లు ఉంటాయి. కమ్మీ ఏ వైపు ఉందో, మెట్టు ఎత్తు ఎన్ని అంగుళాలో కొలిచి, ఫోటో తీసి పట్టుకెళ్లండి. మీ బావగారినీ రమ్మనండి. గెయిట్ బెల్టు ఆవిడ నడుముకు మీ చేతులతో మీరే కట్టి, వాళ్ల ఎదుట కనీసం రెండుసార్లు ఆవిడను ఎక్కించి, దించి చూపించండి. చేయి ఎక్కడ పెట్టాలో వాళ్లు మీ చేయి పట్టుకుని చూపిస్తారు. బుధవారం లోపల ఇది జరగకపోతే గురువారం ప్రయాణం ఒక రోజు వాయిదా వేయమని అడగడానికి మొహమాటపడకండి.